కణం కట్టు తెంచుకుంటే: ప్రేమ్‌కుమార్ రెడ్డి పరిశోధన మనకు చెప్పేదేమిటి?

మాట్టుతావణి అంటే ఇప్పుడు అందరికీ బస్టాండే. ఆ పేరుకు అర్థం మాత్రం పశువుల సంత. సంతలో ప్రతి పశువునూ ఒక గుంజకు కట్టేస్తారు. మన ఒంట్లో కణాలు ఉండే తీరు కూడా దాదాపు ఇదే. ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు కణాన్ని దాని కింది పొరకు కట్టి ఉంచుతాయి. కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లు పక్కపక్క కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతాయి. దీన్నే కణ సంలగ్నత అంటారు.

ఈ కట్టు కణాన్ని కదలకుండా ఉంచడంతో ఆగదు. మామూలు కణానికి కింద ఆధారం ఉంటేనే పెరుగుతుంది. పక్క కణం తగిలితే పెరగడం ఆపేస్తుంది. క్యాన్సర్ కణం ఈ రెండు కట్టుబాట్లనూ మీరుతుంది. క్యాన్సర్ ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడుకున్నది కూడా ఈ తేడానే. ఆ పనిలో ముందువరసలో నిలిచినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి.

1980ల మొదట్లో ఆయన అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తున్నారు. అప్పుడు పరిశోధకులు టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల నుంచి డీఎన్ఏ తీసి, గాజు పళ్లెంలో పెరుగుతున్న ఎలుక కణాల్లోకి ఎక్కించారు. మామూలుగా ఆ ఎలుక కణాలు పళ్లెం అడుగున ఒకే పొరగా పరుచుకుని ఆగిపోతాయి. ఈ డీఎన్ఏ చేరిన కణాలు మాత్రం ఆగలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పలుగా పెరిగాయి. తమిళంలో క్యాన్సర్‌ను పుట్రునోయ్ అంటారు. పుట్రు అంటే మన పుట్టే. ఆ పళ్లెంలో కనిపించింది నిజంగా పుట్టే.

ఆ కుప్పలకు కారణం రాస్ అనే జన్యువు. ఇదే జన్యువు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. మరి తేడా ఎక్కడుంది? 1982లో నేచర్ పత్రికలో రెడ్డి, మరియానో బార్బాసిడ్, వారి సహచరులు దీనికి జవాబిచ్చారు. జన్యువులో ఒక్క అక్షరం మారింది. దానివల్ల 189 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 12వది గ్లైసిన్ బదులు వాలీన్ అయింది. అదే ఏడాది రాబర్ట్ వైన్‌బర్గ్, మైఖేల్ విగ్లర్ బృందాలు కూడా ఇదే తేల్చాయి. రాస్ ఒక స్విచ్చు లాంటిది. పెరగమని కబురు వస్తే వెలుగుతుంది, పని అయ్యాక ఆరిపోతుంది. ఆ ఒక్క అక్షరం మారితే ఇక ఆరదు.

రెడ్డి 1987లో ఆంకోజీన్ అనే పరిశోధన పత్రికను స్థాపించారు. తరువాత ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలోనూ, న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లోనూ పనిచేశారు. ఆయన ప్రయోగశాలలో పుట్టిన రిగోసెర్టిబ్ అనే మందును రక్త సంబంధమైన ఒక జబ్బు మీద పరీక్షించారు. 2020లో వెల్లడైన పెద్ద పరీక్షలో అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఒక శాస్త్రవేత్త పనిని లెక్కగట్టేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి. మూలం కనిపెట్టడం వేరు, మందు కనిపెట్టడం వేరు. రాస్ కుటుంబంలోని ఒక మార్పును నేరుగా పట్టే తొలి మందు సోటోరాసిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2021లో. అంటే ఆ ఒక్క అక్షరం దొరికాక దాదాపు 39 ఏళ్లు పట్టింది.

ఇక మన ఇళ్ల సంగతి. ఆ తొలి జన్యువు దొరికింది మూత్రాశయ క్యాన్సర్‌లో. ఈ జబ్బుకు పెద్ద కారణం పొగ తాగడం. బీటా నాఫ్తిలమీన్, బెంజిడిన్ వంటి రంగుల తయారీ రసాయనాలు కూడా దీనికి కారణమని ఎన్నడో రుజువైంది. మదురై, కోయంబత్తూరు చుట్టుపక్కల మగ్గాలూ అద్దకాలూ నమ్ముకున్న కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. రంగుల పని చేసేవారు చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి అనుకోవాలి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, ఒక్కసారే పడి ఆగిపోయినా సరే, వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. కణాలు ఇంకా మూత్రాశయం లోపొరను దాటకముందే పట్టుకుంటే వైద్యం చాలా తేలిక. కట్టు తెంచుకుని కండరంలోకి, అక్కడి నుంచి ఇతర అవయవాలకు పాకితే కష్టం.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుతారు. జీవశాస్త్రం ఏ భాషలో చదివినా, ఇంటికొచ్చి అమ్మమ్మకు తెలుగులో చెప్పగలిగితే ఆ చదువు ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. పైన చెప్పిన ఆ ఒక్క హెచ్చరికతో మొదలుపెట్టమనండి.