కళాశాల గడపలో మోహనదాసు

పల్లెటూరి ఉన్నత పాఠశాలలో మొదటి వరుసలో కూర్చున్న విద్యార్థి విశ్వవిద్యాలయంలో చేరగానే చివరి బల్లను వెదకుకోవడం ఏటేటా కనిపించే దృశ్యమే. ఊరిలో అతనిని ఎరుగనివారు లేరు. ఇచ్చట అతని పేరు అడిగేవారు లేరు. అచ్చట ఉపాధ్యాయుడు తెలుగులో విడమరచి చెప్పిన విషయాన్నే ఇచ్చట ఆచార్యుడు ఇంగ్లీషులో గడగడ చెప్పి వెళ్ళిపోతాడు. అత్తవారింట అడుగుపెట్టిన కొత్తకోడలికి ఏ వస్తువు ఏ మూల ఉన్నదో తెలియదు. అడుగుదామంటే నోరు రాదు. మొదటి సంవత్సరపు విద్యార్థి స్థితి, విద్యార్థిని స్థితి ఇంచుమించు ఇటువంటిదే. ఈ బెదురును చూచి తోటివారు నవ్వుతారు. మందబుద్ధి అని ఒక్కొక్క అధ్యాపకుడు తీర్పు కూడా చెప్పివేస్తాడు. ఆ తీర్పు ఎంత తొందరపాటుతో కూడినదో తెలుసుకోవడానికి ఒక్క విద్యార్థి చరిత్ర చాలును. అతని పేరు మోహనదాస్ కరంచంద్ గాంధీ.

రాజకోట పాఠశాలలో చదివే రోజులలోనే మోహనదాసు మిక్కిలి బిడియస్థుడు. పుస్తకాలే అతని స్నేహితులు. సాయంకాలం బడి విడిచిపెట్టగానే, ఎవరైనా పలకరించి వేళాకోళం చేస్తారేమోనన్న భయంతో ఇంటికి పరుగెత్తేవాడు. నాలుగవ తరగతి నుండి పాఠాలు చాలవరకు ఇంగ్లీషులో చెప్పనారంభించేసరికి అతనికి దిక్కు తోచలేదు. క్షేత్రగణితం బొత్తిగా బోధపడక, మరల మూడవ తరగతికే పోదామా అని కూడా ఆలోచించినాడు. తనను పై తరగతికి పంపిన ఉపాధ్యాయునికి తలవంపులు తేకూడదని ఆగినాడు. యూక్లిడు పదమూడవ సిద్ధాంతం వద్దకు వచ్చేసరికి ఆ శాస్త్రంలోని సరళత ఒక్కమారుగా స్ఫురించినది. నాటి నుండి అది అతనికి ఇష్టమైన విషయమైనది.

1887లో మెట్రిక్యులేషను పరీక్ష వ్రాయడానికి అహమ్మదాబాదుకు ఒంటరిగా వెళ్ళినాడు, ఉత్తీర్ణుడైనాడు. తండ్రి 1885లోనే గతించినందున కుటుంబం ఆర్థికంగా చితికి ఉన్నది. బొంబాయి చదువు ఖర్చుతో కూడినది. అందువలన 1888 జనవరిలో భావనగర్‌లోని శామల్‌దాస్ కళాశాలలో చేరినాడు. అచ్చట అతనికి ప్రతి విషయమూ కష్టమే అయినది. ఉపన్యాసాలపై ఆసక్తి మాట అటుంచి, అవి అర్థమే కాలేదు. ఆ కళాశాల ఆచార్యులు సమర్థులని పేరుపొందినవారు. దోషం వారిది కాదనీ, తానే అపరిపక్వస్థితిలో ఉన్నాననీ గాంధీజీ తన ఆత్మకథలో ఒప్పుకొన్నారు. మొదటి టర్ము ముగియగానే ఇంటికి తిరిగి వచ్చినాడు.

ఇచ్చట విచారించవలసిన అంశమొకటి ఉన్నది. ఆచార్యులది దోషం కాదు. విద్యార్థికి బుద్ధి లోపమూ లేదు. పాఠశాలకూ కళాశాలకూ నడుమ ఒక మెట్టు లోపించినది. నేటికీ మన విద్యార్థులలో పెక్కుమంది కాలుజారి పడేది ఆ మెట్టు లేనిచోటనే.

ఇంటిలో ఉండగా కుటుంబ హితైషి మావ్‌జీ దవే వచ్చి చదువు సంగతి విచారించినాడు. బి.ఏ. ముగియడానికి నాలుగైదేండ్లు పడుతుందనీ, ఆపైన దొరికేది అరువది రూపాయల ఉద్యోగమేననీ, ఇంగ్లండుకు పోయి బారిష్టరు కావడమే మేలనీ సలహా చెప్పినాడు. తల్లి సందేహించినది. మద్యం, మాంసం, పరస్త్రీ వీటి జోలికి పోనని కుమారుడు ప్రమాణం చేసిన తరువాతనే అనుమతించినది. కులపెద్దలు వెలివేసినారు. అయినను 1888 సెప్టెంబరు 4వ తేదీన అతడు ఓడ ఎక్కినాడు.

పరాయి దేశానికి పోయినంత మాత్రాన బిడియం పోలేదు. ఇంగ్లీషులో మాట్లాడవలసి వస్తుందేమోనని ఓడలో తన గది విడిచి భోజనశాలకు పోలేదు. వెంట తెచ్చుకొన్న పండ్లు, మిఠాయిలతో గడిపినాడు. లండనులో రాత్రివేళల ఇల్లు జ్ఞాపకం వచ్చి కన్నీరు కార్చినాడు. డాక్టరు ప్రాణజీవన్ మెహతా దగ్గరకు వచ్చి ఆ దేశపు మర్యాదలు నేర్పినాడు. దళపత్‌రామ్ శుక్ల వార్తాపత్రికలు చదివే అలవాటు చేసినాడు. స్వదేశంలో ఏనాడూ పత్రిక చదవని యువకుడు ప్రతిదినం గంటసేపు మూడు పత్రికలు తిరగవేయసాగినాడు. నడుమ సుమారు మూడు నెలలు దొరల వేషానికీ, నృత్యానికీ, వయొలిన్‌కూ డబ్బు తగలేసినాడు. తన తప్పు తానే తెలుసుకొని, ప్రతి కాసుకూ లెక్క వ్రాసుకొంటూ, కాలినడకన తిరుగుతూ చదువు సాగించినాడు. లండను మెట్రిక్యులేషనులో మొదట లాటిను భాషలో తప్పినాడు, రెండవసారి నెగ్గినాడు. 1891 జూన్ 10వ తేదీన బారిష్టరు అయినాడు.

పట్టా చేతికి వచ్చినను నోరు పెగల్లేదు. అంతకుముందు శాకాహార సంఘ సమావేశంలో తన అభిప్రాయాన్ని కాగితంపై వ్రాసుకొని పోయి ఇతరులచేత చదివించినాడు. బొంబాయిలో మొట్టమొదటి వ్యాజ్యంలో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, మాట రాక కూర్చున్నాడు. కాని 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయులను సమావేశపరచి, వారి కష్టాలను గూర్చి, వర్తకంలో సత్యాన్ని గూర్చి నిలబడి ప్రసంగించినాడు. తన జీవితంలో అదే మొదటి బహిరంగోపన్యాసమని ఆయన వ్రాసుకొన్నారు. చెప్పవలసిన విషయం హృదయంలో నిండినప్పుడు భయానికి అచ్చట తావు లేకపోయినది. తన బిడియమే మాటలలో పొదుపు నేర్పినదని ఆయన తరువాతి కాలంలో సంతోషించినారు.

మొదటి టర్ములోనే వెనుదిరిగిన ప్రతివాడూ మహాత్ముడు కాబోడు. ప్రతివానికీ ఇంగ్లండు పోయే అన్న డబ్బు సమకూర్చడు. అయినను ఈ చరిత్రలో సామాన్య విద్యార్థికి ఉపయోగించే విషయాలు లేకపోలేదు. కుశలం విచారించిన పెద్ద ఒకడు, దారి చూపిన మిత్రులు ఇద్దరు, దినానికొక గంట విడువని అభ్యాసం: అతనిని నిలబెట్టినవి ఇవి. వీటిలో ఏదీ మన కళాశాలలకు అసాధ్యమైనది కాదు. పాఠం బోధపడనప్పుడు ఆ మాట పైకి చెప్పడం విద్యార్థికి చిన్నతనం కాదు. చివరి బల్లపై తలవంచుకొని కూర్చున్నవానిని ఒకనాడు పేరుపెట్టి పిలిచి, ఏ ఊరు నాయనా అని అడగడం వలన ఆచార్యుని గౌరవానికీ లోటు రాదు.