పూలు వాడిన పిమ్మట గ్లాడియోలస్

పూలమొక్కలను పెంచువారికి మొగ్గ కనుపించినది మొదలు పువ్వు వాడువరకు ఉండు శ్రద్ధ ఆ తరువాత ఉండదు. మల్లె, గులాబి వంటివానికి దీనివలన పెద్ద ముప్పు లేదు. కొమ్మ నిలిచియుండును, మరల చిగిర్చును. గ్లాడియోలస్ సంగతి అట్టిది కాదు. మరుసటి సంవత్సరము అది పూచుటయు పూయకపోవుటయు, ఈ సంవత్సరపు పూలు వాడిన తరువాతి ఆరెనిమిది వారములలోనే చాలవరకు నిర్ణయమగును. మొదటి ఏడు కన్నులపండువుగా పూచినదనియు, రెండవ ఏడు ఆకులు మాత్రమే వచ్చినవనియు, మూడవ ఏడు అవియును లేవనియు చెప్పువారు పెక్కురు. దోషము విత్తనపు గడ్డది కాదు; పూల తరువాత జరిగిన ఉపేక్షది.

లాటిను భాషలో కత్తికి గల పేరునుండి ఈ మొక్కకు గ్లాడియోలస్ అను పేరు వచ్చినది. ఆకును చూచినవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు. కుంకుమపువ్వు, క్రోకోస్మియా దీని దాయాదులు. ఇందలి జాతులలో పెక్కింటికి పుట్టినిల్లు ఆఫ్రికా దక్షిణ భాగము. 1841లో బెల్జియమునందలి ఘెంట్ నగరమునుండి వెలువడిన సంకరజాతి, నేటి పెద్దపూల రకముల మూలపురుషులలో ఒకటి.

మనము నాటు గడ్డ వేరు కాదు. కంద, చేమలవలె భూమిలో ఊరిన కాండము. మొక్క ఎదిగినకొలది ఆ గడ్డలోని ఆహారము వ్యయమై అది వడలిపోవును. దానిపైన, కాడ మొదట, క్రొత్తగడ్డ ఏర్పడును. క్రోకోస్మియాలో పాతగడ్డలు క్రొత్తవాని క్రింద పూసల పేరువలె నిలిచియుండును. అందుచేతనే ఇంగ్లండు తోటలలో దానిని పలు సంవత్సరములు నేలలోనే ఉంచి, మూడు నాలుగేండ్లకొకసారి మాత్రము త్రవ్వి విడదీయుదురు. గ్లాడియోలస్‌లో పాతగడ్డ ఎండి అప్పచ్చివలె మిగులును. అనగా నాటిన గడ్డ మనకు తిరిగి దక్కదు. దక్కునది దాని సంతానమే. ఈ సంతానమునకు అన్నము వండు వంటయిల్లు ఆకు. పువ్వుతో పని తీరినదని ఆకులను కోసివేయుట వంటయింటిని కూల్చివేయుటయే.

కావున మొదటి జాగ్రత్త పూలకాడను కోయునప్పుడే అవసరము. కాడతోపాటు ఆకులను నరుకక, మొక్కకు కనీసము నాలుగు ఆకులైనను విడువవలెను. పూలను మొక్కమీదనే ఉంచుకొన్నవారు, అవి వాడిన వెంటనే కాడను తుంచివేయవలెను. గింజ కట్టనిచ్చినచో గడ్డకు చేరవలసిన బలము గింజలపాలగును. ఆకు పచ్చగా ఉన్నంతకాలము మితముగా తడి ఇచ్చుచుండి, పసుపుపచ్చ తిరుగగనే నీరు తగ్గించి, పిదప మానివేయవలెను.

మన మైదానములలో ఆశ్వయుజ కార్తికములలో నాటిన గడ్డలు పుష్య మాఘములలో పూచి, ఎండలు ముదురు వేళకు త్రవ్వుటకు వచ్చును. పసుపు త్రవ్వు రైతు ఆకు ఎండువరకు ఓపిక పట్టును గదా! ఇచటను అదియే నీతి. అట్లని మరీ జాగు చేయరాదు. నేలలో విడిచిన గడ్డ తొలకరి వానల తడికి కుళ్లిపోవుటకు అవకాశము మెండు. మొక్కను పట్టి లాగక, జానెడు దూరమున గునపము దించి మట్టితో సహా పైకి లేపవలెను. కాడను గడ్డకు అంగుళము పైన కోసి, మన్ను దులిపి, గాలి ఆడు నీడలో రెండు మూడు వారములు ఆరబెట్టవలెను. ఎండ తగులరాదు. ఆరిన పిమ్మట అడుగున ఉన్న పాతగడ్డ చేతితో త్రిప్పగనే ఊడివచ్చును. దానిని పారవేయవలెను.

తరువాత ఏరివేత. మెత్తబడినవానిని, గోధుమరంగు గుంటలు పడినవానిని జాలిపడి ఉంచుకొనరాదు. ఒక్క కుళ్లుగడ్డ బుట్టెడు గడ్డలను చెరుపును. మంచివానికి శిలీంధ్రనాశని మందును డబ్బాపై చెప్పిన మోతాదున పట్టించి, ఆరిన పిదప వలసంచిలో గాని గాలి దూరు బుట్టలో గాని ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో మూత కట్టిన చెమ్మపట్టి బూజు వచ్చును. వ్యాపారమునకు పెంచువారు నాలుగైదు డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనము గల శీతల గిడ్డంగులలో దాచుదురు. గృహస్థులకు రెఫ్రిజిరేటరులో కూరగాయల అర చాలును. ఈ చల్లదనము గడ్డను కాపాడుటయేగాక దాని నిద్రను తీర్చి సమముగా మొలకెత్తుటకు తోడ్పడును.

గడ్డచుట్టు అంటియుండు బఠాణీగింజలంత పిల్లగడ్డలను పారవేయువారు సొమ్మును పారవేసికొనుచున్నారు. వానిని వేరుగ దాచి, నాటుటకు ముందు ఒక రాత్రి నానబెట్టి, ఒక మూలమడిలో పెంచినచో రెండు మూడేండ్లలో పూచు గడ్డలగును. పెద్దగడ్డలను మాత్రము గత సంవత్సరపు మడిలోనే నాటక చోటు మార్చవలెను. తెగులు మట్టిలో పొంచియుండును.

ఈ పనులలో ఏదియు కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినది అంతకంటె కాదు. పూలు లేని మడిని మరికొన్ని వారములు ఓర్పుతో కనిపెట్టుకొని యుండగలవారు ఏటేట క్రొత్తగడ్డలు కొననక్కరలేదు. ఇరుగుపొరుగులకు పంచుటకు సయితము వారియొద్ద మిగులును.