'సెట్' అన్న మాటకు అన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు తొలి కూర్పు 1928లో పూర్తయింది. అందులో 'సెట్' అనే క్రియ ఒక్కటే 18 పేజీలకు పైగా తీసుకుంది. దాని అర్థాలను 154 పెద్ద విభాగాలుగా పంచారు. వాటిలో ఆఖరిది 'సెట్ అప్'. ఆ ఒక్క జంటమాటకే ఎన్ని ఉపవిభాగాలు తేలాయంటే, ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలన్నీ అయిపోయాక మళ్ళీ ఏఏ, బీబీ అని మొదలుపెట్టి ఆర్ఆర్ దాకా వెళ్ళారు. అంటే 44 ఉపవిభాగాలు. ఇరవై సంపుటాలుగా 1989లో వచ్చిన రెండో కూర్పులో ఈ క్రియకు 430 అర్థాలు చూపించారు. ఆ వివరణ మొత్తం దాదాపు 60,000 మాటలు, ఒక నవలకు సరిపోయేంత.

నాలుకను ఒక్కసారి కదిపితే పలికే మాటకు ఇంత సంసారం ఎందుకు? దీనికి జవాబు తెలుసుకుంటే మన పిల్లలకు ఇంగ్లిష్ ఎలా నేర్పాలో కూడా కొంత తెలుస్తుంది. అందుకే ఈ విషయాన్ని కాస్త తీరిగ్గా చూద్దాం.

'సెట్'కు పుట్టిల్లు 'సిట్'. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. తెలుగులో దిగు–దించు, ఎక్కు–ఎక్కించు, నిలుచు–నిలుపు ఉన్నట్టే పాత ఇంగ్లిష్‌లో తాను చేసే పనికి ఒక రూపం, ఇంకొకరి చేత చేయించే పనికి మరో రూపం ఉండేవి. మధ్యలో ఉన్న అచ్చు మారితే చాలు, పని చేయించడం అయిపోయేది. రైజ్–రెయిజ్, లై–లే జంటలు కూడా ఆ కోవలోవే. ఇంకా వెనక్కి వెళితే ఈ మాటకూ సంస్కృతంలోని 'సద్' ధాతువుకూ మూలం ఒకటే. మనం సదస్సు అన్నా, సభాసదులు అన్నా, ఉపనిషత్తు అన్నా అందులో కూర్చోవడం అనే భావమే ఉంది. అంత దూరపు చుట్టం మనకు సినిమా సెట్‌గా తిరిగొచ్చింది.

కూర్చోబెట్టడం అన్న చోటు నుంచి 430 అర్థాల దాకా దారి ఒక్కసారిగా పడలేదు. ప్రతి అర్థమూ దాని ముందున్న అర్థానికి ఒక్క అడుగు దూరంలోనే ఉంటుంది. ఒక వస్తువును ఒక చోట పెట్టడం మొదటి అర్థం. ఉంగరంలో కెంపు పొదగడంలా, ఉండాల్సిన చోట సరిగ్గా పెట్టడం తర్వాతది. విరిగిన ఎముకను దాని చోటికి చేర్చి కట్టు కట్టడం కూడా సెట్ చేయడమే. పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని అదే. సరిగ్గా పెట్టింది కదలకూడదు కాబట్టి స్థిరపరచడం, నిర్ణయించడం అన్న అర్థాలు వచ్చాయి. గడువు సెట్ చేశారు, ధర సెట్ చేశారు అన్న వాడుకలు ఈ మెట్టు మీదివే. కదలకుండా స్థిరపడినది బిగుసుకుంటుంది. దాంతో గడ్డకట్టడం, తోడుకోవడం, గట్టిపడడం అన్న అర్థాలూ చేరాయి.

ఇల్లు కట్టేచోట ఈ చివరి అర్థాన్ని కళ్ళతో చూడవచ్చు. సిమెంటులో నీళ్ళు కలిపిన తర్వాత కొంతసేపు అది తాపీ మాట వింటుంది, ఆ తర్వాత వినదు. భారతీయ ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు సెట్ కావడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు పట్టాలి. పూర్తిగా సెట్ కావడానికి 600 నిమిషాలు దాటకూడదు. వికాట్ అనే పరికరంలోని సూది ఆ ముద్దలోకి ఎంత లోతుగా దిగుతుందో చూసి ఈ సమయాలను కొలుస్తారు. సూది దిగనంటే సిమెంటు తన చోట కూర్చుందన్నమాట. ఇంత ఇంజినీరింగ్‌లోనూ పాత అర్థం చెక్కుచెదరలేదు. సూర్యుడు 'సెట్' కావడంలోనూ అదే ఉంది. రోజంతా తిరిగినవాడు కిందికి దిగి విశ్రమిస్తాడు. మనం పొద్దు గూకింది అంటాం, వాళ్ళు ఈ మాట అంటారు.

ఇదంతా క్రియ గురించి. నామవాచకంగా వాడే 'సెట్' కథ వేరు. ఒక గుంపు, ఒక జత, ఒకే పనికి పనికొచ్చే వస్తువుల కూర్పు అన్న అర్థంలో వాడే సెట్ చాలావరకు పాత ఫ్రెంచి దారిలో వచ్చింది. దాని మూలం లాటిన్‌లోని 'సెక్టా'. ఒకరి వెంట నడిచేవాళ్ళు అని దాని భావం. మతశాఖను చెప్పే 'సెక్ట్' కూడా అక్కడిదే. ఈ మాటా, కూర్చోబెట్టడం అన్న మాటా పలకడంలో ఒక్కలాగే ఉండడంతో శతాబ్దాల పాటు ఒకదాని ప్రభావం మరోదాని మీద పడింది. మోటారూ పంపూ కలిస్తే పంపుసెట్టు. ఒకే ప్లేటులో రెండు మూడు మెత్తటి దోశలు వస్తే సెట్ దోశ. హైస్కూలు లెక్కల పుస్తకంలో 'సమితి' అయిన సెట్ కూడా ఈ గుంపు అర్థంలోదే. సినిమావాళ్ళ సెట్ మాత్రం క్రియ వైపు చుట్టం. 'ఒక్కడు' సినిమాకు చార్మినార్ సెట్ వేశారంటే, ఆ కట్టడాన్ని అక్కడ నిలబెట్టారని.

ఇక మన ఊళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), ఐసెట్, లాసెట్‌లకూ ఈ మాటకూ ఏ సంబంధమూ లేదు. కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అన్న మూడు మాటల తొలి అక్షరాలను కలిపితే వచ్చిన ధ్వని అది. అయితే ఆ పరీక్షలు కాగితం మీద జరిగిన రోజుల్లో చేతికొచ్చిన ప్రశ్నపత్రం ఏ సెట్టో, బీ సెట్టో అన్నప్పటి సెట్ మాత్రం అసలుదే. పలికే తీరు ఒకటైనంత మాత్రాన మాట ఒకటే అనుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

430 అని లెక్క తేల్చినవాళ్ళు ఎలా తేల్చారు? ఇక్కడే అసలు సంగతి ఉంది. 1879లో ఆ నిఘంటువుకు సంపాదకుడైన జేమ్స్ మరే, పుస్తకాలు చదివే అలవాటున్న ప్రతి ఒక్కరికీ విజ్ఞప్తి పంపాడు. చదువుతున్నప్పుడు ఒక మాట వాడుక గమనించదగ్గదిగా కనిపిస్తే చిన్న చీటీ మీద ఆ మాట, ఏడాది, రచయిత, పుస్తకం పేరు, దాంతోపాటు ఆ వాక్యం మొత్తం రాసి పంపమన్నాడు. లక్షల చీటీలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో తన పెరట్లోని రేకుల షెడ్డులో, గోడల నిండా అమర్చిన గళ్ళలో వాటిని సర్దించాడు. అలా చీటీలు పంపుతూ, ప్రూఫులు దిద్దుతూ ఏళ్ళ తరబడి రోజుకు కొన్ని గంటలు ఈ పనికే ఇచ్చిన వాళ్ళలో ఫిట్జ్‌ఎడ్వర్డ్ హాల్ ఒకడు. ఆయన అమెరికన్. 1846లో కలకత్తా చేరి, సంస్కృతం నేర్చుకుని, కాశీలోని సంస్కృత కళాశాలలో పనిచేసిన పండితుడు. తొలి కూర్పులో అచ్చయిన ఉదాహరణ వాక్యాలే 18 లక్షలు దాటాయి. పని పూర్తికాకముందే 1915లో మరే కన్నుమూశాడు.

సంపాదకుడు చేసేది ఇదీ: ఒక మాట చీటీలన్నీ బల్ల మీద పరిచి, ఒకే తీరు వాక్యాలను ఒక కుప్పగా పెడతాడు. కుప్పలో ఇమడని వాక్యం వస్తే కొత్త కుప్ప మొదలవుతుంది. ఒక్కో కుప్ప ఒక్కో అర్థం. అంటే అర్థం ముందు, వాక్యం తర్వాత కాదు. జనం వాడిన వాక్యాలు ముందు వస్తాయి, అర్థం వాటి నుంచి తేలుతుంది. ఎక్కడ ఒక కుప్పను రెండుగా విడగొట్టాలి అన్నది సంపాదకుడి నిర్ణయం. అందుకే ఏ మాటకు ఎక్కువ అర్థాలున్నాయన్న పోటీని నేను గట్టిగా పట్టించుకోను. మూడో కూర్పు కోసం 'రన్' క్రియను తిరగరాసినప్పుడు పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు పనిచేసి 645 అర్థాలు చూపించాడు. రైలూ యంత్రమూ కంప్యూటర్ ప్రోగ్రామూ వచ్చిన కొద్దీ 'రన్' పెరిగిన మాట నిజమే. కానీ 430, 645 అన్న రెండు లెక్కలూ ఒకే కాలంలో ఒకే కొలతతో వేసినవి కావు.

రెండు వాడుకలు ఒక అర్థమో రెండో తేల్చడానికి భాషావేత్తలు వాడే పరీక్ష ఒకటుంది. ఒకే క్రియ కింద రెండింటినీ కలిపి చూస్తారు. మన 'పెట్టు'తో చేసి చూడండి. 'ఆమె అన్నం, కూర పెట్టింది' అంటే చెవికి ఇంపుగానే ఉంటుంది. 'ఆమె అన్నం, అలారం పెట్టింది' అంటే తేడాగా తగులుతుంది. తేడా తగిలిన చోట అర్థం రెండుగా చీలిందన్నమాట. 'పెట్టు' నిజానికి 'సెట్'కు మన ఇంటి జోడీ. పేరు పెడతాం, బొట్టు పెడతాం, పరీక్ష పెడతాం, కొట్టు పెడతాం, కాపురం పెడతాం, నిప్పు పెడతాం, ఒట్టు పెడతాం, ఇబ్బంది పెడతాం, మనసు పెడతాం. కోడి గుడ్డు పెడుతుంది. ఇంగ్లిష్ వాళ్ళు సెట్ వెనక అప్, ఆఫ్, ఇన్, బ్యాక్ లాంటి చిన్న మాటలు తగిలించి కొత్త అర్థాలు పుట్టిస్తారు. మనం 'పెట్టు' ముందు ఇంకో క్రియను నిలుపుతాం. దాచిపెట్టు, విడిచిపెట్టు, చెప్పిపెట్టు, కనిపెట్టు. ఈ చివరిదానికి కొత్తగా కనుగొనడం అనీ అర్థమే, 'ఇంటిని కనిపెట్టుకుని ఉండు' అన్నప్పుడు కాపలా ఉండడం అనీ అర్థమే. సెట్‌బ్యాక్ కూడా అంతే. ఇంటి ప్లానులో అది గోడకూ హద్దుకూ మధ్య వదిలే ఖాళీ, పేపర్ వార్తలో ఎదురుదెబ్బ.

ఎక్కువగా వాడే మాటలకే ఇలా ఎక్కువ అర్థాలు ఉంటాయి. అమెరికా పండితుడు జార్జ్ జిఫ్ 1945లో దీన్ని లెక్కగా చెప్పాడు: ఒక మాట అర్థాల సంఖ్య దాని వాడుక లెక్కకు వర్గమూలంగా పెరుగుతుంది. వంద రెట్లు ఎక్కువగా వాడే మాటకు సుమారు పది రెట్లు అర్థాలు. అరుదైన మాటకు ఒక్క పనే ఉంటుంది, రోజూ చేతిలో ఉండే మాట అన్ని పనులకూ వస్తుంది.

'సెట్' మన చేతికొచ్చాక కొత్త పనులు కూడా నేర్చుకుంది. 'ఈ రంగు నీకు సెట్ అవ్వలేదు', 'వాళ్ళిద్దరికీ సెట్ కాదు', 'జ్వరం తగ్గి సెట్ అయ్యాడు'. ఇంగ్లండు వాళ్ళ నేటి మామూలు వాడుకలో ఇవి ఇలా వినిపించవు. నప్పడం, కుదరడం, కోలుకోవడం అనే ఈ అర్థాలు తెలుగువాళ్ళ నోళ్ళలో స్థిరపడ్డాయి. ఇవి తప్పులని కొట్టిపారేసే వాళ్ళున్నారు. నా దృష్టిలో ఇవి మరే చీటీల్లో చేరదగ్గ వాడుకలే, కాకపోతే తెలుగు నిఘంటువు కోసం రాయాల్సిన చీటీలు.

మన దగ్గర నానార్థాల మీద శ్రద్ధ కొత్తది కాదు. అమరసింహుడు తన అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో నానార్థాలకు ఒక వర్గమే కేటాయించాడు. 'హరి' అన్న మాటకు అందులో యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని పదమూడు అర్థాలు, పైగా ఒక రంగూ ఉన్నాయి. కంఠస్థం చేయడానికి కూర్చిన ఆ పద్ధతి తన కాలానికి గొప్పగా పనికొచ్చింది. కానీ 'హరి' అర్థాలు ఎక్కువగా దేవుళ్ళూ జంతువులూ. అలాంటివి జాబితాగా గుర్తుంటాయి. 'సెట్', 'పెట్టు' లాంటి క్రియలు జాబితాకు లొంగవు. వాటి అర్థం పక్కనున్న మాటలో ఉంటుంది.

మన బడుల్లో ఇంగ్లిష్‌ను మాత్రం ఇప్పటికీ జాబితాగానే నేర్పుతున్నారు. 'వర్డ్ మీనింగ్స్' నోట్సు తీసి చూడండి. పేజీ మధ్యలో స్కేలుతో గీసిన గీత, ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒకే ఒక తెలుగు మాట. సెట్ అంటే అమర్చు. పక్క పేజీలో క్రియారూపాలు: సెట్, సెట్, సెట్. ఆ నోట్సు రాసుకున్న అమ్మాయి రేపు పాఠంలో సూర్యుడు సెట్ అయ్యాడన్న వాక్యం చూస్తే 'అమర్చు' ఏ విధంగానూ ఆదుకోదు. వర్షాలు సెట్ ఇన్ అయ్యాయంటే ముసురు పట్టిందని తట్టదు. తప్పు తనదే అనుకుంటుంది, ఇంగ్లిష్ తనకు రాదనుకుంటుంది. ఇంటర్ దాకా ఆ భయంతోనే నడిచే పిల్లలు వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ళు మందబుద్ధులు కారు. వాళ్ళ చేతికిచ్చిన నోట్సులో లోపముంది.

దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, కోచింగ్ అక్కర్లేదు. టీచర్లకూ తల్లిదండ్రులకూ నేను చెప్పేది ఒక్కటే. ఈ ఏడాది ఆ నోట్సులో కుడివైపు గడి తీసేయించి, ఆ చోట పిల్లలు తాము చదివిన పాఠంలో దొరికిన వాక్యం మొత్తం రాయించండి. దాని కింద ఆ వాక్యాన్ని తమ ఇంట్లో ఎలా అంటారో తెలుగులో రాయమనండి. ఒక్క మాటకు అలాంటి వాక్యాలు నాలుగు చేరేదాకా అర్థం అడగకండి.