‘మార్క్ వెయ్‌రా’: ఆటలో శత్రువును చూపించడం ఎందుకంత పెద్ద సంగతి?

దక్షిణ అండమాన్‌లోని వండూర్ బీచ్‌కు వెళ్లినవారికి మొసళ్ల గురించి హెచ్చరించే బోర్డులు కనిపిస్తాయి. ఇక్కడ ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి, నీళ్లలోకి దిగేటప్పుడు జాగ్రత్త అని వాటి సారాంశం. మొసలి ఈ క్షణంలో ఎక్కడుందో ఆ బోర్డు చెప్పలేదు. ఇంతకు ముందు ఇక్కడ చూసినవాళ్లున్నారని మాత్రమే చెబుతుంది. అయినా ఆ కబురుకు విలువుంది. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పడమే దాని పని.

ఇప్పుడు అదే వండూర్‌లో ఫోన్ పట్టుకుని బీజీఎంఐ ఆడుతున్న ఒక కుర్రాడిని ఊహించుకోండి. స్క్వాడ్‌లో నలుగురు. ఇతనికి కొండ అంచున శత్రువు కనిపించాడు. మిగతా ముగ్గురికి కనిపించలేదు. ఒక బటన్ నొక్కగానే ఆ చోటుపై చిన్న గుర్తు పడింది. ముగ్గురి తెరల మీదా అదే చోట అదే గుర్తు వెలిగింది. ఆడేవాళ్ల భాషలో ఇది ‘మార్క్ వేయడం’, ‘పింగ్ చేయడం’, ‘స్పాట్ చేయడం’. చూడ్డానికి చిన్న సౌకర్యం. కానీ గత 15 ఏళ్లలో షూటర్ ఆటల రూపకర్తలు బాగా తర్జనభర్జన పడిన అంశాల్లో ఇదొకటి. ఎవరికి ఎంత తెలియాలి, ఎంత త్వరగా తెలియాలి, తెలిసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అనే ప్రశ్నలన్నీ ఇందులో ఉన్నాయి.

మాట చాలదా?

మైక్ ఉంది కదా, నోటితో చెబితే సరిపోదా అని ఆడనివారికి అనిపిస్తుంది. ఆడేవాళ్లకు ఈ సంభాషణ బాగా తెలుసు: ‘రేయ్, ముందున్నాడ్రా!’ ‘ఎక్కడ్రా?’ ‘అదే, ఆ చెట్టు వెనక!’ ‘ఏ చెట్టు?’ ఈలోపు చెప్పినవాడు నాక్ అయిపోతాడు.

చిక్కు ఎక్కడుందంటే, నా ఎడమ మీ ఎడమ కాదు. అందుకే ఈ ఆటల్లో తెర పైభాగాన దిక్సూచి ఉంటుంది. కాస్త అనుభవం ఉన్నవాళ్లు ‘285లో ఒకడు’ అని డిగ్రీల్లో చెబుతారు. ఇది మెరుగే కానీ పూర్తి పరిష్కారం కాదు. మీకు సరిగ్గా ఉత్తరాన 100 మీటర్ల దూరంలో శత్రువు ఉన్నాడనుకుందాం. మీ జట్టువాడు మీకు తూర్పున 50 మీటర్ల దూరంలో ఉన్నాడు. మీరు ‘ఉత్తరం’ అంటారు. అతను నిలబడిన చోటు నుంచి శత్రువు ఉన్నది ఉత్తరాన కాదు, దాదాపు 27 డిగ్రీలు పడమరకు వాలి. మీ మాట నమ్మి నేరుగా ఉత్తరానికి చూస్తే శత్రువుకు 50 మీటర్ల పక్కన ఖాళీ గడ్డి కనిపిస్తుంది. మీరు అబద్ధం చెప్పలేదు, అతను తప్పుగా వినలేదు. అయినా కబురు చేరలేదు.

అండమాన్‌లో ఇంకో పొర కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 28 మంది మాతృభాష బెంగాలీ, 19 మందిది హిందీ, 15 మందిది తమిళం, 13 మందిది తెలుగు. తెలుగువాళ్లలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. వీధిలో, బడిలో హిందీ అందరినీ కలుపుతుంది. కానీ తూటాలు దూసుకొస్తున్నప్పుడు ఎవరి నోట అయినా ముందు వచ్చేది ఇంట్లో మాట్లాడే మాటే. దేశం నలుమూలల నుంచి, ముక్కూమొహం తెలియని ముగ్గురితో జట్టు కలిసినప్పుడు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. భూమ్మీద ఒక బిందువుపై వేసిన గుర్తుకు ఎడమా కుడీ లేవు, భాషా లేదు. చూసేవాడు ఎక్కడ నిలబడినా అది ఆ బిందువు మీదే కనిపిస్తుంది.

బ్యాటిల్‌ఫీల్డ్ నుంచి ఏపెక్స్ దాకా

కంప్యూటర్ ఆటల్లో శత్రువును జట్టుకు చూపించే పద్ధతికి పేరు తెచ్చింది బ్యాటిల్‌ఫీల్డ్ వరుస. 2010లో వచ్చిన ‘బ్యాడ్ కంపెనీ 2’, 2011లో వచ్చిన ‘బ్యాటిల్‌ఫీల్డ్ 3’లలో శత్రువు వైపు గురిపెట్టి ఒక మీట నొక్కితే అతని తలపై ఎర్రటి గుర్తు పడుతుంది. కొన్ని సెకన్లపాటు అతను ఎటు కదిలితే గుర్తు కూడా అటే కదులుతుంది. జట్టులో అందరికీ కనిపిస్తుంది. చూపించినవాడికి పాయింట్లు కూడా వస్తాయి. తుపాకీ పేల్చడంలో అంత నేర్పు లేనివాడు కూడా జట్టుకు పనికొచ్చే దారి దొరికింది.

తర్వాతి పెద్ద మలుపు 2019 ఫిబ్రవరి 4న విడుదలైన ‘ఏపెక్స్ లెజెండ్స్’. ఇందులో ఒకే బటన్ సందర్భాన్ని బట్టి అర్థం మార్చుకుంటుంది. నేల మీద గురిపెట్టి నొక్కితే ‘అటు వెళ్దాం’, తుపాకీ మీద నొక్కితే ‘ఇక్కడ ఫలానా తుపాకీ ఉంది’, రెండుసార్లు నొక్కితే ‘అక్కడ శత్రువు’. గుర్తుతోపాటు పాత్ర గొంతులో మాట కూడా వినిపిస్తుంది. జట్టువాడు ‘విన్నాను’ అని బదులివ్వచ్చు, తుపాకీ అయితే ‘అది నాకు’ అని చెప్పుకోవచ్చు. ఈ బదులు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చెప్పినవాడికి తన కబురు చేరిందో లేదో తెలియడం ఏ సమాచార వ్యవస్థకైనా ప్రాణం. ఆటను తయారుచేసే దశలో రెస్పాన్ సంస్థ వాళ్లు కొంతకాలం మైక్‌లు ఆపేసి ఆడి మరీ దీన్ని పరీక్షించుకున్నారు. కొన్ని వారాల్లోనే ‘ఫోర్ట్‌నైట్’ ఇలాంటి పద్ధతిని తెచ్చింది. 2020లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్’, 2022లో ‘ఓవర్‌వాచ్ 2’ కూడా అదే దారి పట్టాయి.

రెండు రకాల గుర్తులు

పైకి ఒకేలా కనిపించినా ఈ గుర్తులు రెండు రకాలు. మొదటిది చోటు గుర్తు. మీ కెమెరా మధ్య నుంచి ఆట ఒక సరళరేఖ గీస్తుంది. అది గోడకో నేలకో తగిలిన చోటు నిర్దేశాంకాలు సర్వర్ ద్వారా మిగతావాళ్లకు వెళ్తాయి. శత్రువు కదిలిపోయినా గుర్తు అక్కడే ఉంటుంది. వండూర్ మొసలి బోర్డు ఈ రకం. రెండోది మనిషి గుర్తు. ఇక్కడ సర్వర్ నిర్దేశాంకాలు కాదు, ‘ఫలానా ఆటగాడు’ అని గుర్తుపెట్టుకుని, అతను ఎక్కడికి వెళ్తే అక్కడికి గుర్తును తీసుకెళ్తుంది. బ్యాటిల్‌ఫీల్డ్ 3 పద్ధతి ఇది.

మొదటిది సాక్ష్యం, రెండోది నిఘా. ఆట స్వభావం ఎంతగా మారుతుందో ఈ తేడాలోనే ఉంది. చోటు గుర్తు చూసిన జట్టువాడు ‘ఇప్పుడెక్కడికి వెళ్లి ఉంటాడు?’ అని తానే ఆలోచించాలి. మనిషి గుర్తు చూసినవాడు ఆలోచించనక్కర్లేదు, గుర్తు కింద కాలిస్తే చాలు.

అందుకే మనిషి గుర్తుపై పాత ఆటగాళ్లకు కోపం. పొదలో పది నిమిషాలు కదలకుండా కూర్చున్నవాడి ఓపిక, ఎక్కడో ఎవరో ఒక మీట నొక్కగానే వృథా అవుతుంది. పైగా కొందరు శత్రువు కనిపించకపోయినా ప్రతి పొద మీదా మీట టకటకా నొక్కుకుంటూ పోయేవారు. ఎవరైనా ఉంటే ఆటే పట్టిస్తుంది. ఇక్కడ చూసింది ఆటగాడు కాదు, యంత్రం. ఈ విమర్శలు ఊరికే పోలేదు. బ్యాటిల్‌ఫీల్డ్ ‘హార్డ్‌కోర్’ పద్ధతిలో తలపై గుర్తు ఉండదు. 2018 నాటి ‘బ్యాటిల్‌ఫీల్డ్ 5’లో మామూలు మీట చోటు గుర్తుగా మారింది. శత్రువు వెంట కదిలే గుర్తు కావాలంటే ప్రత్యేక పరికరాలు వాడాల్సిందే. ‘రెయిన్‌బో సిక్స్ సీజ్’ ఇంకో దారి ఎంచుకుంది. కెమెరాతో మిమ్మల్ని ఎవరైనా పట్టిస్తే, పట్టుబడ్డారన్న సంగతి మీకూ తెలుస్తుంది. నిఘా పెట్టేవాడు తన ఉనికిని కూడా కొంత బయటపెట్టుకోవాలన్నమాట.

ఒకే పేరు, రెండు పింగ్‌లు

‘పింగ్’ అనే మాటకు ఆటగాళ్ల దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి ఈ గుర్తు. రెండోది సర్వర్‌కు సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. ‘పింగ్ ఎక్కువుంది, లాగ్ అవుతోంది’ అనేది ఈ రెండో అర్థంలో. 1983లో మైక్ మూస్ అనే ఇంజనీరు రాసిన చిన్న ప్రోగ్రాం పేరు అది. జలాంతర్గాముల సోనార్ చప్పుడును తలచుకుని ఆయన ఆ పేరు పెట్టారు.

అండమాన్‌లో ఈ రెండు పింగ్‌లు ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. 2020 దాకా దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే ఆధారపడింది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావాలంటే దాదాపు 71,500 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా అది 240 మిల్లీసెకన్లు. రానూపోనూ 480. ఇది భౌతికశాస్త్రం విధించే కనీస ఆలస్యం, డబ్బు పోసినా తగ్గదు. మిగతా జాప్యాలు దీనికి అదనం.

ఆటలో దీని అర్థం చూడండి. శత్రువు కనిపించిన దృశ్యం సర్వర్ నుంచి మీ ఫోన్‌కు రావడానికి 240. మీరు వేసిన గుర్తు సర్వర్‌కు చేరడానికి ఇంకో 240. మీ వేలు కదలడానికి పట్టిన సమయం లెక్కలో కలపకుండానే కబురు అర సెకను పాతది. సెకనుకు 6 మీటర్ల వేగంతో పరిగెత్తే శత్రువు ఈలోపు దాదాపు 3 మీటర్లు జరిగిపోయి ఉంటాడు. అంటే తలుపు దగ్గర ఉన్నవాడు గోడ వెనక్కి చేరిపోతాడు. మీరు చూసింది నిజమే, జట్టువాళ్లకు మాత్రం మీ గుర్తు తప్పుడు కబురు.

తూటాల విషయంలో చాలా ఆటలు ఈ అన్యాయాన్ని కొంత సరిచేస్తాయి. కాల్చినవాడి తెర మీద ఆ క్షణంలో ఏం కనిపించిందో సర్వర్ వెనక్కి వెళ్లి లెక్కగట్టి తగిలిందో లేదో తేలుస్తుంది. కబురు విషయంలో ఆ వెసులుబాటు లేదు. తగిలిన తూటాను సర్వర్ వెనకటి తేదీతో ఒప్పుకోగలదు కానీ, మీ జట్టువాడు అర సెకను ముందే చూసినట్టు చేయలేదు.

2020 ఆగస్టు 10న ప్రధాని మోదీ చెన్నై-అండమాన్ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రారంభించారు. దాదాపు 2,300 కిలోమీటర్లు, సుమారు 1,224 కోట్ల రూపాయల ఖర్చు. చెన్నైని పోర్ట్ బ్లెయిర్‌తో (2024 నుంచి శ్రీ విజయపురం), మరో 7 దీవులతో కలిపింది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. కాబట్టి 2,300 కిలోమీటర్లకు 11.5 మిల్లీసెకన్లు. ఆ సమయంలో పరిగెత్తే శత్రువు జరిగేది 7 సెంటీమీటర్లు. చెన్నై నుంచి సర్వర్ దాకా, ఇటు టవర్ నుంచి ఫోన్ దాకా ఆలస్యాలు ఉండనే ఉంటాయి. అయినా సముద్రం దాటే దూరం ఇక సాకు కాదు.

తమాషా ఏమిటంటే, కేబుల్ ప్రారంభమైన 23 రోజులకే, సెప్టెంబరు 2న, కేంద్రం పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. దారి పడింది, బండి ఆగింది. భారత్ కోసం ప్రత్యేకంగా చేసిన బీజీఎంఐ 2021 జులై 2న వచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది.

గొంతు విప్పలేనివారికి

మార్క్ వల్ల అసలు మేలు ఎక్కడ జరిగిందో చెప్పాలంటే నేర్పరి జట్లను కాదు, మైక్ ఆన్ చేయలేనివాళ్లను చూడాలి. వినికిడి లోపం ఉన్నవాళ్లు. పక్కన తల్లిదండ్రులు నిద్రపోతుంటే గొంతెత్తలేనివాళ్లు. గొంతు విని ఆడపిల్ల అని తెలియగానే మొదలయ్యే వెకిలి మాటలు పడలేక మైక్ ఆపేసుకునే అమ్మాయిలు. వీళ్లంతా గుర్తుల ద్వారా జట్టులో పూర్తి సభ్యులు కాగలిగారు. 2021 ఆగస్టులో ఏపెక్స్ యజమాని ఈఏ సంస్థ ఈ పింగ్ వ్యవస్థపై తనకున్న పేటెంట్‌ను ఇతర సంస్థలూ ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. దివ్యాంగులకు ఆటలను దగ్గర చేయడం దాని ఉద్దేశం.

అయితే వేధించేవాడికి మాటే అక్కర్లేదు. నచ్చని జట్టువాడి మీద టపటపా గుర్తులు కురిపించి విసిగించేవాళ్లున్నారు. చచ్చిపోయిన కోపంలో లేని శత్రువును చూపించేవాళ్లున్నారు. అందుకే వరుసగా నొక్కితే కాసేపు పనిచేయకుండా ఆపడం, ఒకరి గుర్తులను మ్యూట్ చేసే వీలు ఇవ్వడం వంటివి వచ్చాయి. మ్యూట్ చేయడానికీ ఒక ధర ఉంది. రేపు అతను నిజంగా చూసి చెప్పినా మీకు కనిపించదు. ‘నాన్నా పులి’ కథ మనకు తెలిసిందే.

కాబట్టి మార్క్ వేసేవాడు నిజానికి సాక్షి. చూసిందే చెప్పాలి, చూసినప్పుడే చెప్పాలి, అనుమానాన్ని చూసినట్టుగా చెప్పకూడదు. మార్క్ చూసేవాడు ఇది ఎప్పటిదని అడుగుకోవాలి. నిన్న మొసలి కనిపించిన చోట ఈరోజు లేకపోవచ్చు. అంతమాత్రాన ఆ బోర్డు అబద్ధం కాదు, పక్క నీళ్లలో మొసలి లేదన్న హామీ కూడా కాదు.