వార్తల్లో పదం: ప్రత్యామ్నాయ ధ్రువీకరణ

బోధనాశాస్త్రంలో పట్టా లేకపోయినా, ఇతర విషయాల్లో డిగ్రీ ఉన్నవారు శిక్షణ పొందుతూనే తరగతిలో పాఠాలు చెప్పి ఉపాధ్యాయ లైసెన్సు సంపాదించుకునేందుకు అమెరికా రాష్ట్రాలు కల్పించిన మార్గాన్ని ప్రత్యామ్నాయ ధ్రువీకరణ అంటారు; 1980లలో దీనికి బాటలు వేసిన రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఒకటి. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే కనుక నిబంధనలు చోటును బట్టి మారతాయి. టెక్సస్‌లో అభ్యర్థులు గుర్తింపు పొందిన శిక్షణ కార్యక్రమంలో చేరి, తాము బోధించబోయే విషయంలో పరీక్ష నెగ్గి, పాఠశాలలో ఉద్యోగం పొందాక, ఇంటర్న్ సర్టిఫికెట్ అనే ఏడాది తాత్కాలిక అనుమతిపై బోధన మొదలుపెడతారు. ఈ దశలో పాఠశాలలోని అనుభవజ్ఞులు మార్గదర్శులుగా ఉంటారు, శిక్షణ సంస్థ పర్యవేక్షకులు తరగతికి వచ్చి బోధనను పరిశీలిస్తారు. కొత్తవారి తప్పుల భారం పిల్లలపై పడకుండా కాపాడేది ఈ తోడ్పాటే కాబట్టి, మొత్తం ఏర్పాటులో ఇదే కీలకం. బోధన పద్ధతులు, వృత్తి బాధ్యతలపై మరో పరీక్షలో కూడా ఉత్తీర్ణులైతేనే, అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసిన ప్రామాణిక సర్టిఫికెట్ లభిస్తుంది.