సెలాంగోర్ నదిపై చల్లని వెలుగు

వసంతంలో హాలండు నదులపై నౌకావిహారం చేసి ట్యులిప్ తోటలను చూచి వచ్చిన మిత్రులు ఆ వైభవాన్ని తనివితీరక వర్ణిస్తూంటారు. కొన్ని వారాల చలి సోకనిదే ట్యులిప్ దుంప సరిగా పూయదు. కనుక మలేషియాలో మనకా భాగ్యం లేదు. అయితే కువాలా సెలాంగోర్ సమీపాన, కంపుంగ్ కువాంటాన్ వద్ద, చీకటి పడ్డాక పడవ ఎక్కండి. ఏ ఋతువులోనైనా వెలుగులు పూచే చెట్లు కనిపిస్తాయి. అమావాస్య నాడైతే మరీ మేలు.

ఒడ్డునున్న బెరెంబాంగ్ చెట్ల ఆకులపై వేలాది మిణుగురులు ఒకే లయలో వెలిగి ఆరుతూంటాయి. మలయా భాషలో వాటి పేరు కెలిప్-కెలిప్. మన 'మిణుకు మిణుకు'కు తోబుట్టువులా లేదూ! శాస్త్రనామం టెరాప్టిక్స్ టెనెర్. మగపురుగులు ఆడవాటిని పిలిచే పిలుపే ఈ కాంతి.

పురుగు ఉదరంలోని లూసిఫెరిన్ అనే పదార్థం, లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో ప్రాణవాయువుతో కలిసినప్పుడు ఈ వెలుగు పుడుతుంది. దానికి ఏ.టి.పి. కూడా కావాలని 1947లో విలియం మెకెల్రాయ్ చూపారు. మన కండరాలను కదిలించేదీ ఆ ఏ.టి.పి.యే. నూరు లూసిఫెరిన్ అణువులు ఆక్సీకరణం చెందితే దాదాపు 90 కాంతికణాలు వెలువడతాయని మా తరం చదువుకున్నది. నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. 2008లో జపాను శాస్త్రజ్ఞులు మళ్ళీ కొలిచి, 41 మాత్రమేనని తేల్చారు. ఆ పిల్లలకు ఈ దిద్దుబాటు బాకీ ఉన్నాను.

ఈ పురుగు డింభకాలు ఒడ్డున తడినేలలో చిన్న నత్తలను తిని పెరుగుతాయి. పామాయిల్ తోటల కోసం ఆ ఒడ్డును చదును చేస్తే నత్తలుండవు, మిణుగురులూ ఉండవు. బయటి దీపాలు ఎక్కువైతే పిలుపు పిలుపుగా చేరదు.

మొన్న మా పడవలో ఒకాయన సెల్‌ఫోను దీపం వేశాడు. పడవవాడు మాటాడలేదు. తెడ్డు పైకెత్తి, ఆ దీపం ఆరేదాకా అలాగే కూర్చున్నాడు.