పసుపు దీపం ఏం చెబుతోంది?

నూజివీడు తోటలో మామిడి పిందెలు రాలితే రైతు చెట్టును నరకడు. తేనెమంచు పురుగా, నీటి ఎద్దడా అని వెతుకుతాడు. పాత కారులో ఇంజను గుర్తు పసుపుపచ్చగా వెలిగినా అంతే!

స్కానరులో 'పి 0420' కనిపించిందనుకోండి. విషవాయువైన కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మార్చే కెటలిటిక్ కన్వర్టరు బలహీనపడిందని కంప్యూటరు అనుమానం. దానికి ముందూ వెనుకా ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. ముందుది హెచ్చుతగ్గులు చూపుతుంది. వెనుకది నిలకడగా ఉండాలి. రెండూ ఒకేలా ఊగితే దీపం వెలుగుతుంది.

అయితే పొగగొట్టానికి చిల్లుపడి గాలి చొరబడినా సెన్సారు మోసపోవచ్చు! కనుక ముందు చిల్లు వెతకండి. ఖరీదైన కన్వర్టరు మార్పు తర్వాత. బి.ఎస్.-4 పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం మించితే కాలుష్య పరీక్ష తప్పినట్లే. సంకేతం తీర్పు కాదు, ఆధారం మాత్రమే. మీ ఊరి మెకానిక్కును అడిగి చూడండి!